బండి వెనక మెట్టు

మకరేవాలో ఆ ఇల్లు కొన్నప్పుడు దాంతోపాటు ఒక గుర్రం కూడా వస్తుందని పుష్పలత అనుకోలేదు. ఇన్వర్‌కార్గిల్ దాటి ఉత్తరంగా పావుగంట డ్రైవ్ చేస్తే వచ్చే చోటు అది. ఇంటి వెనక మూడెకరాల గడ్డినేల, గాలికి అడ్డంగా పెంచిన చెట్ల వరస, ఒక రేకుల షెడ్డు. ఇల్లు అమ్మిన హెదర్ అనే పెద్దావిడ తాళాలు చేతిలో పెడుతూ, "నేను క్రైస్ట్‌చర్చ్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతున్నాను. వీణ్ణి అక్కడికి తీసుకెళ్ళలేను. ఇంకెవరికిచ్చినా బెంగపెట్టుకుంటాడు. మీ దగ్గరే ఉండనివ్వండి" అంది.

వీడంటే జింజర్. పుష్పలత భుజం దాకా వచ్చే పొట్టి గుర్రం. ఒళ్ళు ఇటుక రంగు, నుదుట తెల్లటి చుక్క. రోజూ వంటింట్లో తరిగే అల్లం పేరు గుర్రానికి పెట్టుకోవడమేమిటని ఆమె నవ్వుకుంది. ఆమె భర్త శ్రీనివాసమూర్తి మాత్రం నవ్వలేదు. "మనకెందుకీ తలనొప్పి? నెలలోపు ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు.

నెల తిరిగేసరికి ఆయనకే ఆక్లండ్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళాడు. మొదట నెలకోసారి, తర్వాత రెండు నెలలకోసారి వచ్చేవాడు. పది నెలలయ్యాక ఒక ఆదివారం ఫోన్ చేసి, ఇక తాను రాదలచుకోలేదని, ఇందులో ఎవరి తప్పూ లేదని, ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇద్దరమూ అలిసిపోయామని చెప్పాడు. తాను అలిసిపోయిన సంగతి పుష్పలతకు అప్పటిదాకా తెలియదు. "సరే" అంది. ఫోన్ పెట్టేసి, గుర్రానికి గడ్డి వేసే వేళయిందని బయటికి వెళ్ళింది.

ఆమెకు నలభై ఏడేళ్ళు అప్పటికి. పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం. పిల్లలు లేరు. ఇన్వర్‌కార్గిల్‌లో తెలుగువాళ్ళు పాతిక కుటుంబాల దాకా ఉన్నారు. చాలామంది పాలిటెక్నిక్‌లో చదువుకోవడానికి వచ్చి ఇక్కడే సెటిల్ అయిన చిన్నవాళ్ళు. ఆమెను ఆంటీ అంటారు. మూర్తి ఫోన్ చేసిన తర్వాత వచ్చిన ఉగాదికి పులిహోర చేసి కమ్యూనిటీ హాలుకు పట్టుకెళ్ళింది. "అంకుల్ రాలేదా ఆంటీ?" అని ఏడుగురు అడిగారు. ఏడుగురికీ "పనుందమ్మా" అని చెప్పింది. మరుసటి ఏడు వెళ్ళలేదు. ఎందుకు రాలేదని ఒకరిద్దరు మెసేజ్ పెట్టారు. ఆపై ఏడాది అదీ లేదు.

ఆర్చీ కూడా ఒకరకంగా ఆ ఇంటితోనే వచ్చాడు. వాళ్ళు ఇంట్లో దిగిన మొదటి శనివారం పొద్దున్నే వెనక సామాను తొట్టి ఉన్న పాత యూట్ ఒకటి గేటు ముందు ఆగింది. సన్నగా పొడుగ్గా ఉన్న డెబ్బై రెండేళ్ళ మనిషి ఉన్నిటోపీ సర్దుకుంటూ దిగి, "గుర్రాన్ని చూసిపోదామని" అన్నాడు. హెదర్ ఆ గుర్రంతోనూ అంతకుముందు వేరే గుర్రాలతోనూ పోటీల్లో గుర్రపుబండి తోలినన్నాళ్ళూ వెనక మెట్టు మీద నిలబడింది ఆయనేనట. పందొమ్మిదేళ్ళు. భార్య పోయి చాలాకాలమైంది. కూతురు షెరిల్ డునెడిన్‌లో టీచరు. ఈ దేశపు దక్షిణ కొసన ఉండేవాళ్ళు ఇంగ్లీషులో 'ర' అక్షరాన్ని నాలుక ఆడించి గట్టిగా పలుకుతారు. దేశంలో మిగతావాళ్ళు మింగేసే ఆ అక్షరం ఆర్చీ నోట్లో కాకినాడలో వినిపించినట్టే వినిపించేది పుష్పలతకు.

అప్పటినుంచి శనివారం శనివారం వచ్చేవాడు. డెక్కలు చూసి, నాలుగు క్యారెట్లు పెట్టి పోయేవాడు. మూర్తి ఫోన్ చేసిన తర్వాతి శనివారం కూడా వచ్చాడు. ఆమె మొహం చూశాడు. ఏమైందని అడగలేదు.

"గుర్రం ఊరికే మేస్తే కొవ్వెక్కి కాళ్ళు పాడవుతాయి. షెడ్డులో బండి ఉంది. తోలడం నేర్చుకుంటావా?" అన్నాడు.

"నేను గుర్రం ఎక్కలేనండీ."

"ఎక్కక్కర్లేదు. దాని వెనక కూర్చోవడమేగా."

గుర్రపుబండి అంటే ఆమెకు తెలిసింది చిన్నప్పుడు కాకినాడ స్టేషన్ నుంచి ఇంటికి వెళ్ళిన జట్కా ఒక్కటే. ఇది వేరు. నాలుగు చక్రాల ఇనపబండి, ముందు తోలేవాళ్ళకు సీటు, వెనక ఒక మనిషి నిలబడి పట్టుకోవడానికి మెట్టూ కమ్మీ. ఆ చలికాలమంతా ఆర్చీ పక్కన నడుస్తూ నేర్పాడు. పగ్గాలు చేతికి అలవాటయ్యాయి. పుష్పలత అన్న పేరును ఆయన 'పుష్' చేశాడు. ఆమె కళ్ళెం సర్దుతూ గుర్రంతో "నెమ్మది", "పద నాన్నా", "చాలు" అని తెలుగులోనే మాట్లాడేది. ఇంకెవరితోనూ తెలుగు మాట్లాడని వారాలు ఉండేవి. జింజర్‌కు రెండు నెలల్లో ఆ మాటలు వచ్చేశాయి. ఆర్చీకి కూడా. టీలో పంచదార వేస్తుంటే "చాలు, చాలు" అనేవాడు.

వసంతం రాగానే పోటీకి పేరిచ్చారు. ఆ పోటీలో మూడు భాగాలు ఉంటాయి. మొదట కొలిచి గీసిన మైదానంలో జడ్జి ముందు గుర్రాన్ని అందంగా నడిపించి చూపాలి. తర్వాత జంటలుగా పెట్టిన కోన్‌ల మధ్య నుంచి, చక్రానికి అటూ ఇటూ జానెడు సందు కూడా ఉండదు, కోన్ మీది బంతి కింద పడకుండా బండి తోలాలి. ఆఖరిది మారథాన్. కొండవాలూ వాగులూ మీదుగా కొన్ని కిలోమీటర్ల పరుగు, మధ్య మధ్య దుంగలతో కంచెలతో కట్టిన చిక్కుదారులు. ఒక్కో చిక్కుదారిలో ఎ, బి, సి, డి అని అక్షరాలు రాసిన గేట్లుంటాయి. ఆ వరస తప్పకుండా, వీలైనంత వేగంగా అన్నింట్లోంచీ దూరి బయటపడాలి. వరస తప్పి దిద్దుకోకుండా బయటికొస్తే ఆ పోటీ అంతటితో అయిపోయినట్టే. పుష్పలత వాటిని మనసులో పద్మవ్యూహాలనుకునేది. లోపలికి వెళ్ళాక గుర్రం చెవులూ దుంగలూ తప్ప ఏమీ కనపడవు. అక్కడ దారి చెప్పడం వెనక మనిషి పని.

"ఎడమ... బి... ఇప్పుడు గట్టిగా కుడి... సి కనిపించిందా? పోనీ, పోనీ!"

మలుపుల్లో బండి ఒరిగిపోకుండా ఆర్చీ లోపలివైపుకు ఒళ్ళంతా వాల్చేవాడు. ఆ బరువు మారడం ఆమెకు సీటు కింద తెలిసేది. ఆయన ఎటు వాలితే అటు తిప్పడమే. పోటీకి ముందురోజు ఇద్దరూ చిక్కుదారులన్నీ నడిచి చూసుకునేవారు. ఆర్చీ ఒక్కోదానికి ఒక అట్టముక్క మీద పెన్సిలుతో దారి గీసి మణికట్టుకు కట్టుకునేవాడు. రెండేళ్ళలో తొమ్మిది పోటీలకు వెళ్ళారు. ఒకసారి మూడో స్థానం వచ్చింది. మిగతావి ఆరూ ఏడూ. పోటీ అయ్యాక, గుర్రాన్ని ఎక్కించి తెచ్చే ట్రైలర్ ఫ్లోట్ పక్కన మడతకుర్చీలేసుకుని, ఆయన తెచ్చిన చీజ్ రోల్స్, ఆమె తెచ్చిన పులిహోర తినేవారు. మాటలు తక్కువే. తోలుతున్నంతసేపూ ఆమె కళ్ళు గుర్రం మీద, ఆయన కళ్ళు ఆమె హెల్మెట్ మీద. ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకున్న సమయం లెక్కేస్తే చాలా తక్కువ. అయినా ఆమె వారమంతా శనివారం కోసం చూసేది.

మూడో ఏడు నవంబర్లో గోర్ దగ్గర ఒక గొర్రెల ఫారంలో పోటీ. మూడో చిక్కుదారిలో బి దాటగానే "కుడి, డి!" అన్నాడు ఆర్చీ. ఆమె ఆలోచించకుండా తిప్పింది. డి దాటి, ఇ, ఎఫ్ దాటి బయటికొచ్చాక మైక్‌లో వాళ్ళ నంబరు పిలిచారు. సి వదిలేశారు. పోటీలోంచి తీసేశారు.

"ముసలి బుర్ర" అని ఆర్చీ నుదురు కొట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎవరికైనా జరుగుతుంది అది.

మూడు వారాల తర్వాత శనివారం ఆయన వాకిట్లో నిలబడి ఉండగా ఆమె టీ కప్పులతో బయటికొచ్చింది.

"హెదర్ లేచిందా?" అన్నాడు.

పుష్పలత కప్పులు పట్టుకుని అలాగే నిలబడింది. ఆర్చీ ఆమెను మర్యాదగా చూస్తున్నాడు, పనిమీద వచ్చిన వేరెవరినో చూసినట్టు. షెడ్డులోంచి జింజర్ సకిలించాడు. ఆ చప్పుడుకు ఆయన తల తిప్పి, మళ్ళీ ఇటు తిరిగేసరికి మామూలుగా ఉన్నాడు. "ఇవాళ గాలెక్కువుంది పుష్, టోపీ పెట్టుకో" అన్నాడు. కప్పు అందుకున్నాడు.

డిసెంబరు పోటీకి ఆయన గీసిన అట్టముక్కలు ఐదు ఉండాలి. ఐదూ ఉన్నాయి, కానీ దారులు నాలుగే. రెండోది రెండుసార్లు గీశాడు. నాలుగోది లేదు.

ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. షెరిల్ నంబరు ఆర్చీయే ఎప్పుడో ఇచ్చాడు, పోటీలో తనకేమైనా అయితే చెప్పమని. నంబరు తెరమీదికొచ్చింది. ఏమని చెప్పాలి? చెబితే ఏమవుతుంది? డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. యూట్ తాళాలు తీసుకుంటారు. బండెక్కొద్దంటారు. పెద్దాయన గుండె పగులుతుంది, పాపం అనుకుంది. అదీ నిజమే. దాని కింద ఇంకో మాట ఉంది. ఆయన రాకపోతే శనివారం ఆ గేటు తీసేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ మాటను ఆమె మనసులో పూర్తి కానివ్వలేదు. ఫోన్ చార్జింగ్‌కు పెట్టి పడుకుంది.

అప్పటినుంచి దారులన్నీ తానే కంఠస్థం చేయడం మొదలుపెట్టింది. ఆర్చీతో నడిచి చూశాక, ఆయన టీ తాగుతుంటే ఇంకోసారి ఒక్కతే నడిచేది. ఇంటికొచ్చి వెనక గడ్డిలో బకెట్లు పేర్చి, ఒక్కోదానికీ సున్నంతో అక్షరం రాసి, వాటి మధ్య తిరిగేది. "ఎ లోంచి ఎడమకి, బి వాగు పక్కన, సి చుట్టూ తిరిగి..." అంటూ చిన్నప్పుడు ఎక్కాలు వల్లెవేసినట్టు వల్లెవేసేది. జింజర్ కంచె మీద గడ్డం ఆనించి చూసేవాడు.

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి పోటీల్లో ఆర్చీ సరిగ్గా చెప్పినప్పుడు ఆయన మాట ప్రకారమే వెళ్ళింది. తడబడినప్పుడు ఆయన నోట్లోంచి మాట రాకముందే గుర్రాన్ని తిప్పేసింది. ఆయన వెంటనే "అంతే, అంతే, సి!" అనేవాడు, తానే చెప్పినట్టు. ఫిబ్రవరిలో రెండో స్థానం వచ్చింది.

"నువ్వు తయారయ్యావు పుష్. హెదర్‌కి ఇంత వేగం ఎప్పుడూ లేదు" అన్నాడు నీలం రిబ్బను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని. ఆమెకు సంతోషమూ వేసింది, ఏదో దొంగిలించి దొరకనట్టూ అనిపించింది.

మార్చి ఆఖర్లో ఆ ఏటి చివరి పోటీ, వింటన్ అవతల ఒక పెద్ద ఫారంలో. శనివారం మొదటి రెండు భాగాలూ అయ్యేసరికి పొట్టి గుర్రాల తరగతిలో పుష్పలత ముందుంది. జింజర్ ఆ రోజు మైదానంలో తలెత్తి నడిచిన తీరు చూసి జడ్జి నవ్విందట. కోన్‌ల మీంచి ఒక్క బంతీ పడలేదు. ఆదివారం పొద్దున మంచు కురిసి గడ్డి తడిగా ఉంది. ఆర్చీ మెట్టెక్కి కమ్మీ పట్టుకుని, "పద, చూద్దాం" అన్నాడు.

మొదటి నాలుగు చిక్కుదారుల్లో ఆయన మాట ఒక్కటీ తప్పలేదు. గొంతు పాత గొంతులాగే ఖణేల్మంటోంది. అనవసరంగా అనుమానపడ్డానా అని కూడా అనుకుంది ఆమె. ఐదోదానిలోకి దూసుకెళ్ళారు. ఎ. బి. బి దాటగానే ఎడమకు తిరగాలి, సి పెద్ద దుంగ వెనక ఉంది.

"కుడి! డి!" అన్నాడు ఆర్చీ.

ఆమె ఎడమ పగ్గం లాగింది.

"కాదు! డి, కుడి, కుడి!"

"నాకు తెలుసు!" అని అరిచింది తెలుగులో.

గుర్రం ఎడమకు తిరిగింది. ఆర్చీ ఒళ్ళంతా కుడివైపుకు వాల్చి ఉన్నాడు. మలుపులో బండి ఎడమ చక్రాలు నేల వదిలేశాయి. ఆమె సీటు అంచుకు జారింది. కుడి వెనక చక్రం దుంగకు తగిలి బండి దభాల్న మళ్ళీ నాలుగు చక్రాల మీద పడింది. వెనక ఏదో ఇనుముకు కొట్టుకున్న చప్పుడు. తిరిగి చూసింది. ఆర్చీ రెండు కాళ్ళూ మెట్టు మీద లేవు. ఒక చెయ్యి కమ్మీ మీద, మోకాళ్ళు గడ్డిలో ఈడ్చుకుపోతున్నాయి.

"నెమ్మది! నెమ్మది నాన్నా!"

జింజర్ నడకలోకి దిగాడు. ఆర్చీ ఎలా లేచాడో లేచాడు. మెట్టు మీదికి ఎక్కాడు. హెల్మెట్ పక్కకు ఒరిగి ఉంది, పెదవి చిట్లింది.

"ఆపేద్దాం" అంది ఆమె.

"తోలు" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ తర్వాత ఆయన నోరు విప్పలేదు. సి, డి, ఇ, ఎఫ్. ఆరో చిక్కుదారి కూడా ఆమె ఒక్కతే చూసుకుంది. మలుపుల్లో వెనక బరువు మాత్రం ఆమె తిప్పినదాన్ని బట్టి ఆలస్యంగా కదిలేది. గీత దాటాక చప్పట్లు కొట్టారు. అంత జరిగినా ఆఖరికి ఒకటిన్నర పాయింట్ల తేడాతో మొదటి స్థానం వాళ్ళదే. ఎర్ర రిబ్బను జింజర్ కళ్ళేనికి కట్టి ఒకావిడ ఫొటో తీసింది. ఫొటోలో ఆర్చీ లేడు.

ఫ్లోట్ దగ్గర మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె తడిగుడ్డతో పెదవి తుడవబోతే తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

ఆమె తడిగుడ్డ మడతపెట్టింది. "గోర్ నుంచి. కాదు... ఒకరోజు హెదర్ లేచిందా అని అడిగారు. అప్పట్నుంచి."

"నాలుగు నెలలు."

"అవునండీ."

"నాలుగు నెలలుగా నేను వెనక నిలబడి కూతలు కూస్తున్నాను. నువ్వు నీ దారిన పోతున్నావు."

"అలా కాదు ఆర్చీ. చెబితే మీరు రావడం మానేస్తారని..."

"మానేసేవాణ్ణే" అన్నాడు. కోపంగా అనలేదు. "మానెయ్యాలో లేదో నేను తేల్చుకోవాల్సింది. నాకు చెప్పాల్సింది పుష్."

చీజ్ రోల్స్ డబ్బా మూత తియ్యకుండానే యూట్‌లో పెట్టుకున్నాడు. గుర్రం మెడ మీద రెండుసార్లు తట్టాడు. వెళ్ళిపోయాడు.

తర్వాతి శనివారం రాలేదు. ఆమె ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆ పై బుధవారం ల్యాబ్‌లో ఉండగా ఫోన్ మోగింది. షెరిల్. నాన్న యూట్ రోడ్డు పక్క కాలవలో పడిందని, తుంటి ఎముక విరిగిందని, ఎటు వెళ్తున్నాడో ఆయనే చెప్పలేకపోతున్నాడని చెప్పింది. "ఈమధ్య మీతోనే ఎక్కువగా ఉండేవాడు కదా. ఏమైనా తేడా గమనించారా?" అని అడిగింది.

అబద్ధం చెప్పే వీలుంది. పుష్పలత చెప్పలేదు. నవంబరు నుంచీ జరిగింది వరసగా చెప్పింది.

"ఆయన రోజూ డ్రైవ్ చేస్తున్నాడు" అంది షెరిల్. "పరుగెత్తే బండి వెనక నిలబడుతున్నాడు. మీకు తెలుసు. నా నంబరు మీ దగ్గరుంది."

"తప్పు చేశాను. నన్ను..."

"మీరు ఇప్పుడు ఆయన్ని చూడ్డానికి రావొద్దు ప్లీజ్."

ఫోన్ పెట్టేసింది. పుష్పలత చేతి తొడుగులు మార్చుకుని, మిగిలిన నమూనాలు పూర్తి చేసి, ఐదింటికి ఇంటికొచ్చింది.

ఆ చలికాలం చాలా పొడుగ్గా సాగింది. నాలుగున్నరకే పొద్దు వాలిపోయేది. బండికి గుడ్డ కప్పేసింది. గుర్రానికి మేత వేసేది, నీళ్ళ తొట్టిలో మంచుపెళ్ళ పగలగొట్టేది, అంతే. దానితో కూడా మాటలు తగ్గాయి. ఒకోసారి శుక్రవారం సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో "బ్యాగ్ కావాలా?" అన్న అమ్మాయికి "వద్దండీ" అని తెలుగులో జవాబిచ్చి, సిగ్గుపడి, ఇంగ్లీషులో మళ్ళీ చెప్పేది. షెరిల్‌కు ఒక ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. రావాలని రాయలేదు కూడా. ఆర్చీకి చెప్పాల్సిన మాటలు మాత్రం తలలో రాసుకుంటూ ఉండేది. ఒకరోజు పొడుగ్గా, ఒకరోజు రెండే వాక్యాలు. "మిమ్మల్ని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నన్ను నేను కాపాడుకున్నాను." ఇంగ్లీషులో ఆ మాట ఎలా చెప్పినా బిగుసుకుపోయేది. దిద్దేది, మళ్ళీ దిద్దేది.

ఆగస్టులో అమృత ఫోన్ చేసింది. కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల. ఇప్పుడు ఊళ్ళో వృద్ధులుండే ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా పనిచేస్తోంది. ఉగాది హాల్లో రెండేళ్ళ కిందట ఒకటి రెండుసార్లు మాట్లాడింది, అంతే పరిచయం.

"ఆంటీ, బాగున్నరా? నేను అమృతని. మీరు గుర్రపుబండి నడుపుతరు కదా?"

"నడిపేదాన్నమ్మా."

"మా దగ్గర ఒక తాత ఉన్నడు, ఆర్చీ అని. ఎప్పుడూ గుర్రం గుర్రం అంటడు. రోజూ పొద్దున గేటు కాడికి పోయి నిలబడ్తడు, బయటికి పోవాలని. ఎందుకు తాతా అంటే గుర్రానికి ఆలస్యమైతుంది అంటడు. చాయ్‌లో చక్కెర వేస్తుంటే 'చాలు' అన్నడు ఆంటీ! తెలుగు ఎట్లొచ్చిందని ఆశ్చర్యపోయిన. వాళ్ళ బిడ్డను అడిగితే మీ పేరు చెప్పింది."

పుష్పలత కుర్చీలో కూర్చుంది. "షెరిల్... నన్ను రమ్మందా?"

"రమ్మనలేదు ఆంటీ, వద్దని కూడా అనలేదు. వస్తే గుర్రాన్ని తీసుకురమ్మనండి అన్నది. మా మేనేజర్ కూడా ఓకే అన్నది. ఒకసారి వచ్చిపోండి."

ఆదివారం పదకొండింటికి, ఫ్లోట్ తగిలించిన తన యూట్‌ను రెస్ట్‌హోమ్ వెనక కార్ పార్కులో ఆపింది. బండినీ జింజర్‌నూ దించి, గుర్రాన్ని దువ్వి, బండికి కట్టింది. అమృత చక్రాల వాకర్‌తో ఆర్చీని మెల్లగా తీసుకొచ్చింది. ఇంకా సన్నబడ్డాడు. గడ్డం ఎవరో నున్నగా గీశారు. స్వెట్టర్ ఆయనది కాదు, వదులుగా ఉంది. గుర్రాన్ని చూడగానే వాకర్ వదిలేసి రెండడుగులు ముందుకేశాడు. అమృత గబుక్కున నడుము పట్టుకుంది.

"ఓరి, ఇదిగో ఇక్కడున్నాడు" అన్నాడు. జింజర్ ముక్కు ఆయన ఛాతీకి ఆనించి ఊపిరి వదిలాడు. ఆర్చీ కళ్ళు మూసుకున్నాడు.

పుష్పలత దగ్గరికెళ్ళింది.

"ఆర్చీ. నేను పుష్‌ని."

ఆయన తిరిగి చూశాడు. ఆ మొహాన్ని ఆమె ఇంత దగ్గరగా, ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. కళ్ళు లేత నీలం. ఎడమ కనుబొమలో పాత గాటు ఒకటి ఉంది.

"మంచి గుర్రం. నీదేనా?" అన్నాడు.

"నాదే. మీరు... మీరు దీని బండి వెనక నిలబడేవారు. నాతో. గుర్తుందా?"

"ఉండొచ్చు" అన్నాడు నవ్వుతూ, ఎదుటిమనిషి నొచ్చుకోకూడదని.

నెలల తరబడి దిద్దుకున్న మాటలు ఉన్నాయి. అవి చెప్పకుండా ఆమె వెళ్ళలేదు. చెప్పింది. అమృత వింటోందని కూడా చూడలేదు. నవంబరు నుంచి తనకు తెలుసని, ఆయనకు చెప్పకుండా దాచానని, ఆయన కోసమే అనుకున్నా తాను ఒంటరిగా మిగిలిపోతానన్న భయంతోనే దాచానని, దానివల్ల ఆయన దెబ్బలు తిన్నాడని, ఆ రోజు ఆయన అన్నది నిజమని. చివరికి, "క్షమించండి ఆర్చీ" అంది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు తల ఊపాడు. ఆమె ఆపాక చెయ్యెత్తి ఆమె మోచేతి మీద తట్టాడు.

"ఏం పర్వాలేదమ్మాయ్. ఏం కాలేదులే" అన్నాడు. దుకాణంలో పొరపాటున కాలు తొక్కినవాళ్ళతో అంటామే, అలా అన్నాడు. తర్వాత గుర్రం పొట్ట కింద పటకా లోపలికి వేలు దూర్చి చూసి, "ఒక రంధ్రం వదులు చెయ్యి. బిగించేశావు" అన్నాడు.

ఆమె వంగి వదులు చేసింది. కళ్ళు మసకలు కమ్మి బకిల్ రెండుసార్లు జారింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది."

బండెక్కుతారా అని అడిగింది. ఆయన బండి వైపు చూసి, తుంటి మీద చెయ్యి వేసుకుని, వద్దన్నాడు. లోపల భోజనాల గంట మోగింది. ఆర్చీ ఆ వైపు తల తిప్పాడు. "ఆదివారం లాంబ్ రోస్ట్" అని ఎవరికో చెప్పినట్టు చెప్పి, వాకర్ అందుకుని తలుపు వైపు బయలుదేరాడు. వెనక్కి చూడలేదు.

ఆయన్ని లోపలికి పంపి అమృత మళ్ళీ పరుగెత్తుకొచ్చింది.

"ఏడ్వకండి ఆంటీ. రోజూ ఇట్ల ఉండడు. ఒకోరోజు మంచిగ గుర్తుపడ్తడు. మా ఇంటికి రండి, భోజనం చేసి పోదురు. నా డ్యూటీ రెండింటికి అయిపోతది."

"ఇంకోసారి వస్తానమ్మా. గుర్రాన్ని ఇంటికి చేర్చాలి."

"నిజంగ వస్తరా?"

పుష్పలత అమ్మాయి మొహం చూసింది. "వస్తాను" అంది. ఆ క్షణాన ఆ మాట నిజమే అనిపించింది.

అమృత వెళ్ళాక బండి విప్పింది. జింజర్‌ను ఫ్లోట్‌లోకి ఎక్కించి, తలుపు బిగించి, బండిని పలకల మీదుగా తన యూట్ వెనక తొట్టిలోకి తోసి తాళ్ళతో కట్టింది. ఒక్కతే చేసేసరికి ముప్పావుగంట పట్టింది. వాన చినుకులు మొదలయ్యాయి. స్టీరింగ్ ముందు కూర్చుని, రెస్ట్‌హోమ్ కిటికీల్లో భోజనానికి వెలిగించిన దీపాల వైపు చూసింది. ఏ కిటికీ వెనక ఆయన తింటున్నాడో తెలియలేదు. వెనక ఫ్లోట్‌లో జింజర్ విసుగ్గా కాలితో తన్నాడు. ఇంకోసారి తన్నాడు.

"సరే, పోదాం" అని తాళం తిప్పింది.